ఎంత దాటితే ‘హైపర్’?

విశాఖలో కార్తీకం వచ్చిందంటే కొన్ని కాలనీల్లో చీకటి పడగానే కిటికీలు మూసుకుంటాయి. దోమలకు భయపడి కాదు, ఏడాకుల చెట్టు పూసిందని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి చెట్లను కూకటివేళ్ళతో పీకేసి పోయాక, పచ్చదనం తొందరగా తిరిగి రావాలని రోడ్ల పక్కన నాటిన మొక్కల్లో ఇదొకటి. బేగి ఎదుగుతుంది, పశువులు నోరు పెట్టవు, నీడ దట్టంగా ఉంటుంది. వాసన సంగతి పూత వయసు వచ్చాక గానీ జనానికి తెలిసిరాలేదు. పూర్వకవులు ఈ పూల ఘాటును ఏనుగు మదజలంతో పోల్చారంటే ఊహించుకోవచ్చు. కొందరికది మత్తు, కొందరికి తలపోటు, ఇంకొందరికి ఆగని దగ్గు.

ఇలాంటి చెట్టున్న అపార్ట్‌మెంట్‌లో మీటింగు ఎలా నడుస్తుందో చెప్పనక్కర్లేదు. ఒకావిడ, ‘రాత్రిళ్ళు ఊపిరాడట్లేదండీ, కొమ్మలు కొట్టించండి’ అంటుంది. ఎదుటి ఫ్లాటాయన, ‘ఇంతమందికి లేని బాధ మీ ఒక్కరికే ఏంటమ్మా? మీరు కాస్త హైపర్‌సెన్సిటివ్‌లా ఉన్నారు’ అంటాడు. ఆయన అన్నది వైద్యమా, దెప్పిపొడుపా? ఆయనకే తెలియదు. డాక్టరు చీటీ మీదా, కోర్టు తీర్పులోనూ, ఆఫీసు క్యాంటీన్‌లోనూ, ఆలుమగల తగువులోనూ ఒకే మాట తిరుగుతోంది. ప్రతిచోటా దాని అర్థం కొంచెం జరుగుతోంది. ఆ జరిగిన చోటే పేచీలన్నీ పుడుతున్నాయి.

ముందు మాట సంగతి. ‘హైపర్’ గ్రీకు, ‘సెన్సిటివ్’ లాటిన్ వంశం. హైపర్ మనకు దూరపు చుట్టమే. సంస్కృతంలోని ‘ఉపరి’, ఆ గ్రీకు మాట ఒకే మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రజ్ఞుల మాట. అంటే పైన, మించి. దేన్ని మించి అన్నది మాత్రం ఆ పదంలో లేదు. అది చెప్పకుండా వాడితే ‘హైపర్’ అన్నది ఉత్త తిట్టే.

ఇంగ్లీషులో దీనికి తోబుట్టువులు చాలా ఉన్నాయి. ‘టచీ’ అంటే తాకితే చాలు చిర్రెత్తే మనిషి. ‘థిన్-స్కిన్డ్’ అంటే విమర్శకు తట్టుకోలేనివాడు. ‘ఓవర్‌సెన్సిటివ్’ నేరుగా తప్పుబట్టే మాట. హైపర్‌సెన్సిటివ్‌కి మాత్రం తెల్లకోటు తొడుక్కున్న గౌరవం ఒకటుంది, అందుకే తిట్టినా తిట్టినట్టు వినపడదు. పెద్దమనిషి తరహాలో అవతలివాణ్ణి పక్కకు నెట్టాలనుకునేవాళ్ళకు ఇంతకంటే అనువైన మాట దొరకదు. వాడుకలో ఇంకో చిన్న తేడా ఉంది. పక్కన ‘టు’ వస్తే తగిలే వస్తువు గురించి: వెలుతురుకు, శబ్దానికి, పెనిసిలిన్‌కు. ‘అబౌట్’ వస్తే మనసులో పుండున్న విషయం గురించి: రంగు గురించి, జీతం గురించి, పెళ్ళి కాకపోవడం గురించి. మనం తెలుగులో ‘హైపర్ అవకు’ అనేది ఈ రెండింటిలోనూ చేరదు. దానర్థం ఊగిపోకు, కంగారు పడకు అని మాత్రమే. ఎన్నికలప్పుడు పోలీసులు హైపర్‌సెన్సిటివ్ అనే పోలింగ్ కేంద్రాలకు గుళ్ళో పూజారంత సున్నిత మనసేమీ ఉండదు. అక్కడ గొడవ జరిగే అవకాశం ఎక్కువని అర్థం. ఏజెన్సీ మండలాల బూత్‌ల గురించి రాసేటప్పుడు మన పత్రికలు ‘అత్యంత సమస్యాత్మక’ అని రాస్తాయి. మంచి పని చేశాయి. ‘అతి సున్నిత’ అని రాసుంటే చదివేవాళ్ళు నవ్వుకునేవారు.

వైద్యంలోకి ఈ భావం వచ్చిన దారి సముద్రంలోంచే. 1901లో మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ ఓడ మీద వెళ్ళిన షార్ల్ రిషె, పాల్ పోర్టియె అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు జెల్లీ ఫిష్‌లాంటి ఒక సముద్రజీవి విషాన్ని పరిశీలించారు. తిరిగొచ్చాక పారిస్‌లో మరో జీవి విషంతో కుక్కల మీద ప్రయోగాలు చేశారు. వాళ్ళ ఆశ సాదాసీదా ఆశే: కొద్దికొద్దిగా ఎక్కిస్తే ఒంటికి అలవాటై, తట్టుకునే శక్తి వస్తుందని. జరిగింది తలకిందులు. మొదటిసారి నిక్షేపంగా ఉన్న కుక్క, కొన్ని వారాల తర్వాత మామూలుగా చంపలేనంత చిన్న మోతాదుకే నిమిషాల్లో కూలిపోయింది. రక్షణకు విరుద్ధం అనే అర్థంలో 1902లో దానికి ‘అనాఫిలాక్సిస్’ అని పేరు పెట్టారు. 1913లో రిషెకి నోబెల్ వచ్చింది. ‘ఎలర్జీ’ అన్న మాటను ఈ మధ్యలోనే, 1906లో, వియన్నా పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పుట్టించాడు.

ఈ కథలో పట్టుకోవలసింది ఒకటుంది. తొలి తాకిడికి ఒళ్ళు గమ్మున ఉంటుంది. పైకి ఏమీ కనపడదు గానీ లోపల లెక్క రాసుకుంటుంది. మలిసారో, పదోసారో బద్దలవుతుంది. ‘ఇన్నాళ్ళూ రొయ్యలు తిన్నాను, ఇప్పుడేంటి కొత్తగా?’ అని విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి క్యాజువాలిటీలో అడిగే మనిషికి జవాబు అదే. ఇన్నాళ్ళూ తిన్నాడు కాబట్టే ఇప్పుడు.

1963లో ఫిలిప్ జెల్, రాబిన్ కూంబ్స్ అనే బ్రిటిష్ వైద్యశాస్త్రజ్ఞులు ఈ అతిస్పందనలను నాలుగు రకాలుగా విడదీశారు. ఇప్పటికీ మెడికల్ కాలేజీల్లో అదే పాఠం. మొదటి రకం నిమిషాల్లో వచ్చేది: దద్దుర్లు, పెదాలు వాయడం, పిల్లికూతలు, ముదిరితే బీపీ పడిపోవడం. రొయ్యల్లో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్‌ను చూసి రోగనిరోధక వ్యవస్థ శత్రువనుకుంటుంది. దాదాపు అలాంటిదే బొద్దింకల్లో, పరుపుల్లోని ధూళి పురుగుల్లోనూ ఉంటుంది కాబట్టి ఒకదానికి పడనివాళ్ళకు మరొకటి పడకపోవచ్చు. గ్రూపు కలవని రక్తం ఎక్కిస్తే జరిగే ప్రమాదం రెండో రకం. పాముకాటు మందును గుర్రాల రక్తం నుంచి తీస్తారు. ఆ మందు ప్రాణం నిలబెట్టిన వారం, పది రోజులకు కొందరికి కీళ్ళ నొప్పులు, జ్వరం వస్తాయి, అది మూడో రకం.

నాలుగోది బద్ధకస్తురాలు, రెండు మూడు రోజులు తీసుకుంటుంది. మన ఇళ్ళలో ఎక్కువగా తిరిగేది ఇదే. గిల్టు కమ్మలు పెట్టుకున్న చెవి తమ్మె రసి కారడం, అందులోని నికెల్ వల్ల. ఫంక్షనుకని ఆదరాబాదరాగా వేసుకున్న తలరంగుకు రెండో రోజు నెత్తి మండి, కళ్ళు ఉబ్బడం, పీపీడీ అనే రసాయనం వల్ల. నుదుటి మీద స్టిక్కర్ పెట్టుకునే చోట గుండ్రంగా దురద, ఒక్కోసారి తెల్లమచ్చ, వెనక ఉన్న జిగురు వల్ల. ‘నేనీ కంపెనీ స్టిక్కరే ఏళ్ళ తరబడి పెట్టుకుంటున్నాను’ అని ఇక్కడా అదే మాట వినపడుతుంది. టీబీ కోసం ముంజేతికి వేసే మాంటూ సూదిని 48 నుంచి 72 గంటల తర్వాత చూడటానికి కారణం కూడా ఈ నెమ్మదే. ఆ ఉబ్బును స్కేలుతో కొలుస్తారు. కొలవడం అన్న ఆ పనిని కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఫిషింగ్ హార్బర్ నుంచి ఇంటికి వచ్చే చేపల్లో కానాగంతలు, వంజరం, ట్యూనా ఒకే కుటుంబానివి. వీటి కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. పట్టిన చేపకు ఐసు చాలకపోయినా, ఎండలో బుట్టలో గంటల తరబడి ఉన్నా, బాక్టీరియా ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చేస్తుంది. హిస్టమిన్ అంటే ఎలర్జీలో మన ఒళ్ళు తనంతట తాను విడుదల చేసే రసాయనమే. పులుసు కుతకుతా ఉడికినా అది చావదు. తిన్న గంటలోపే మొహం ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, ఒళ్ళంతా దద్దుర్లు. చూడ్డానికి అచ్చం మొదటి రకం ఎలర్జీయే. డాక్టరు ఇచ్చే మాత్ర కూడా దాదాపు అదే. ఇంట్లో వాళ్ళు అనే మాట: ‘నీకు చేప పడదు, మానెయ్.’

పడకపోవడమేంటి? ఆ చేప ఎవరికీ పడదు. ఆ చేప తిన్న ఇంటిల్లిపాదికీ ఎంతో కొంత ఒళ్ళు మండే ఉంటుంది. ఎక్కువ తిన్నవాడికి ఎక్కువ. లోపం చేపది, ఐసుది. తిన్న మనిషి రోగనిరోధక వ్యవస్థ ఏ పాపం ఎరగదు. ఒకే దద్దురుకు రెండు కథలున్నాయి. ఒకదానిలో ‘అతి’ మనిషిది, ఇంకోదానిలో ‘అతి’ కంచంలోది. ఎవరెవరికి వచ్చింది, ఎంత తిన్నారు అని అడగకుండా ఈ రెండింటినీ విడదీయలేం. ఎందుకో గానీ మన ఇళ్ళలో ఆ రెండు ప్రశ్నలూ ఎవరూ అడగరు. ‘నీ ఒంటి తత్వం’ అనేయడం సులువు.

ఊరి స్థాయిలో ఇదే జరిగితే నష్టం పెద్దది. పాతనగరం వైపు డాబాల మీద నల్లటి బొగ్గు దుమ్ము తుడిచి తుడిచి ఆడవాళ్ళ చేతులు పడిపోయాయి. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి మసకబారుతుంది. అక్కడ పిల్లవాడికి దగ్గొస్తే ‘వీడికి డస్ట్ ఎలర్జీ అండీ’ అంటారు. నిజంగా ఉండొచ్చు కూడా. కానీ దుమ్ము ఎక్కువైతే ఎలర్జీ లేనివాడి ఊపిరితిత్తులు కూడా ఒరుసుకుపోతాయి. దాన్ని ఇరిటేషన్ అంటారు, విషప్రభావం అంటారు, హైపర్‌సెన్సిటివిటీ అనరు. మోతాదు పెరిగేకొద్దీ అందరికీ తగిలేది ఒకటి, రవ్వంత తగిలినా కొందరికే రేగేది మరొకటి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి పాకి 12 మంది చనిపోయినప్పుడు, రోడ్డు మీద పడిపోయినవాళ్ళను ఎవరూ సున్నితులని అనలేదు. మోతాదు అంత పెద్దదైనప్పుడు ఆ సందేహం రాదు. రోజూ కొంచెం కొంచెం అయినప్పుడే ‘ఎలర్జీ’ అన్న మాట ఊరి సమస్యను ఒక పిల్లవాడి ఇన్‌హేలర్‌లోకి కుక్కేస్తుంది.

ఏడాకుల చెట్టు తగువు కూడా ఇలాగే విడదీయాలి. ఘాటు వాసనకు మైగ్రేన్ ఉన్నవాళ్ళ తల పట్టేయడం వేరు, ఆస్తమా ఉన్నవాళ్ళ ఊపిరి గొట్టాలు ఏ ఘాటుకైనా బిగుసుకోవడం వేరు, పుప్పొడి మీద రోగనిరోధక వ్యవస్థ యుద్ధానికి దిగడం వేరు. మూడూ ఒకే చెట్టు కింద, మూడు ఫ్లాట్లలో జరగవచ్చు. వాటిలో మూడోది మాత్రమే డాక్టర్లు హైపర్‌సెన్సిటివిటీ అనే జాబితాలోకి వస్తుంది.

పళ్ళ డాక్టర్లు ఇదే మాటను కొంచెం వేరుగా వాడతారు. బీచ్ రోడ్డులో ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్క కొరికితే అందరి పళ్ళూ పులుస్తాయి. చల్లనీళ్ళు తాగగానే ఒక పన్ను జివ్వుమంటే మాత్రం అది ‘డెంటిన్ హైపర్‌సెన్సిటివిటీ’. లోపలి నరానికి ఏ రోగమూ లేదు. చిగురు దిగిపోయో, బ్రష్షుతో తోమితోమి అరిగిపోయో పైనున్న కప్పు పోయింది. కింద సన్నటి గొట్టాలు బయటపడ్డాయి, చల్లదనానికి వాటిలోని ద్రవం కదిలి నరాన్ని మీటుతోంది. ఆ స్థితిలో ఏ నరమైనా అలాగే అరుస్తుంది.

ఈ ‘అతి’కి కొలత ఎక్కడుండాలో బాగా ఆలోచించినవాళ్ళు డాక్టర్ల తర్వాత న్యాయమూర్తులే. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 95వ సెక్షన్ ఉండేది, ఇప్పుడు అదే భారతీయ న్యాయ సంహితలో 33. మామూలు తెలివి, మామూలు స్వభావం ఉన్న మనిషి ఫిర్యాదు చేయనంత స్వల్ప హాని నేరం కాదని దాని సారాంశం. సిటీ బస్సు రద్దీలో కాలు తొక్కినందుకు కేసు నడవకపోవడం ఈ సెక్షన్ పుణ్యమే. రాతలు, సినిమాల విషయంలో నాగపూర్ హైకోర్టులో జస్టిస్ వివియన్ బోస్ 1940ల్లో ఒక గీత గీశాడు: ఒక మాట ప్రభావాన్ని వివేకం, గుండెదిటవు ఉన్న మనిషి కొలమానంతో చూడాలి, తనకు నచ్చని ప్రతి అభిప్రాయంలోనూ ప్రమాదం వాసన పట్టేవాడి కొలమానంతో కాదు. 1988లో సుప్రీంకోర్టు ఆ గీతనే మళ్ళీ దిద్దింది. మనోభావాలు దెబ్బతిన్నాయంటూ టీవీ స్టూడియోలకు పరిగెత్తేవాళ్ళు ఆ తీర్పు ఒకసారి చదవాలని నా కోరిక.

అలాగని చట్టం సున్నితుల్ని గాలికి వదిలేయలేదు. ఇంగ్లండులో 1889 నాటి కేసు ఒకటుంది. కింద సెల్లార్‌లో వేడిగాలితో నడిచే పని, పై అంతస్తులో బ్రౌన్ పేపరు నిలవ. వేడికి కాగితం ఎండి బరువు తగ్గింది, బరువు లెక్కన అమ్మే సరుకాయె. మామూలు కాగితానికి ఆ వేడితో ఏమీ కాదు, నీ సరుకే అతి నాజూకు, కింద అతని తప్పేం లేదు పొమ్మన్నారు జడ్జీలు. అక్కడితో ఆగితే మన ఎదుటి ఫ్లాటాయనదే గెలుపు. కానీ 1951లో కెనడా నుంచి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ అనే పై కోర్టుకు వెళ్ళిన కేసు ఇంకో సగం చెబుతుంది. ఒక ఫ్యాక్టరీ నుంచి సల్ఫర్ డయాక్సైడ్, పక్కన ఒకాయన పెంచే ఆర్కిడ్లు. ఆర్కిడ్లు నాజూకువి కదా అని ఫ్యాక్టరీ వాదించింది. ఆ పొగ మామూలు పూలమొక్కలను కూడా పాడుచేసేదే కాబట్టి నాజూకు ఆర్కిడ్ల నష్టం కూడా మీరే భరించాలని కోర్టు తేల్చింది. వరస గమనించండి. మామూలు మనిషికి ఇది తగులుతుందా అన్నది ముందు ప్రశ్న. తగిలేదే అయితే, సున్నితమైనవాడికి మరింత ఎక్కువ తగిలిందన్న వంకతో తప్పించుకోవడానికి లేదు. పక్కనే పెద్ద పెద్ద పొగగొట్టాలున్న ఊరివాళ్ళం, ఈ ఆర్కిడ్ల కేసు మనకు కంఠతా రావాలి.

మనుషుల మధ్యకు వచ్చేసరికి ఈ కొలిచే పని ఎవరూ చేయరు. రుషికొండ వైపు ఏదో ఆఫీసు ఊహించుకోండి. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడు మీటింగులో ‘బేగి ముగించేద్దాం’ అన్నాడు. అంతా నవ్వారు, తనూ నవ్వాడు. ఆ రోజు నుంచి వాడు కనపడితే ‘ఏటి సంగతులు?’ అని సాగదీయడం మొదలైంది. ఆరు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో వాడు ప్లేటు విసురుగా పెట్టి, ‘చాలింక ఆపండి’ అన్నాడు. ‘జోక్ గురూ, జోక్! ఇంత హైపర్‌సెన్సిటివ్ అయితే ఎలా?’ విశాఖ ఉత్తరాంధ్ర గుండెకాయ అంటూనే ఆ యాసను ఇక్కడే ఎక్కిరించడం మరో వింత. సినిమాల్లో ఆ యాస పనివాళ్ళకూ, జోకర్లకే దక్కుతూ వచ్చిందన్నది వాడు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే.

క్యాంటీన్‌లో అందరూ చూసింది ఆఖరి జోకును, దాని పక్కన ఆ కోపాన్ని. ఒక్క జోకుకు అంత కోపం ఎక్కువే. ఆరు నెలల మొత్తానికి అది ఎక్కువా? మొత్తం లెక్క ఎవరి దగ్గరుందో ఆ మనిషినే మనం అతి అంటున్నాం. పైగా కొలబద్ద ఎవరి చేతిలో ఉంది? గుచ్చినవాడి చేతిలోనే. అత్తవారింట్లో కోడలికి, క్లాసులో నల్లగా ఉన్న అమ్మాయికి, కులం పేరుతో సరదాగా పిలవబడే కుర్రాడికి ఈ మాట ఎక్కువగా ఎందుకు తగులుతుందో విడమరచక్కర్లేదు.

ఇదంతా చదివి, అతిగా స్పందించేవాళ్ళు లోకంలో లేరనుకుంటే పొరపాటే. ఉన్నారు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే రాత్రంతా నిద్రపట్టని స్నేహితులు ఉన్నారు. పెళ్ళిలో రెండోసారి వడ్డించలేదని పదేళ్ళు గడప తొక్కని బాబాయిలు ఉన్నారు. కొలంబియా యూనివర్సిటీకి చెందిన జెరాల్డిన్ డౌనీ 1990ల్లో దీన్ని ‘రిజెక్షన్ సెన్సిటివిటీ’ పేరుతో పరిశీలించారు. తిరస్కారం వస్తుందని ముందే బెదిరిపోయేవాళ్ళు, అటూ ఇటూ కాని ప్రవర్తనలో కూడా తిరస్కారమే చూస్తారు. దానికి వాళ్ళిచ్చే స్పందనే అవతలివాళ్ళను నిజంగా దూరం చేస్తుంది. ఇది బాధపడేవాడి నేరం కాదు గానీ, పక్కనున్నవాళ్ళకు నరకం. అదే కాలంలో ఎలేన్ ఆరన్ అనే సైకాలజిస్టు ‘హైలీ సెన్సిటివ్’ స్వభావం గురించి రాశారు. శబ్దం, వెలుతురు, ఎదుటివాళ్ళ మూడ్ లాంటివాటిని కొందరు పుట్టుకతోనే లోతుగా పట్టుకుంటారని. అది స్వభావం పేరు, జబ్బు పేరు కాదు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్ పుణ్యమా అని కొందరు దాన్ని బ్యాడ్జిలా పెట్టుకుని, తమను ఎవరూ ఏమీ అనకూడదనే లైసెన్సుగా వాడుతున్నారు. అదీ అతే.

పిల్లల విషయంలో మాత్రం తొందరపడి అతి అనకండి. కుక్కర్ విజిల్‌కు, పెళ్ళి బ్యాండుకు చెవులు మూసుకుని ఏడ్చే పిల్లలుంటారు. చొక్కా మెడ దగ్గర లేబుల్ గుచ్చుకుంటోందని ఇల్లు పీకి పందిరేస్తారు. గారాబం అని ఒక దెబ్బ వేస్తాం. ఇంద్రియాల అతిస్పందన, లేదా బొత్తిగా స్పందించకపోవడం, ఆటిజం గుర్తించే లక్షణాల్లో ఒకటని అమెరికన్ సైకియాట్రీ నిర్ధారణ గ్రంథం 2013 నుంచి చెబుతోంది. అలాంటి ప్రతి పిల్లవాడికీ ఆటిజం ఉందని కాదు. మూడు నాలుగు సంగతులు కలిసి కనపడితే పిల్లల డాక్టరుకు చూపించాలి, అంతే. ఆ లేబుల్ కత్తిరించడానికి మాత్రం ఏ డాక్టరూ అక్కర్లేదు.

చివరగా కాగితాల సంగతి. మందు అట్టపెట్టెలో మడతపెట్టిన పల్చటి కాగితం మీద, ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ మీద ‘హైపర్‌సెన్సిటివిటీ’ అని కనపడితే అది మీ స్వభావం గురించి కాదు. ఆ మందు పడనివాళ్ళకు ప్రమాదమని మందు కాగితం చెబుతుంది, ఫలానా మందు మీకే పడదని సమ్మరీ చెబుతుంది. ఆ సమ్మరీ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని, పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా సరే ముందు చూపించండి. అయితే యాంటీబయాటిక్‌కు కడుపులో తిప్పితేనో, విరేచనాలైతేనో అది సైడ్ ఎఫెక్టు, ఎలర్జీ కాదు. ఆ రెండూ కలిసిపోయి, చిన్నప్పుడెప్పుడో ‘పెనిసిలిన్ పడదు’ అని రాయించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎలర్జీ నిపుణుల దగ్గర, ఆసుపత్రిలో, జాగ్రత్తగా పరీక్ష చేస్తే వాళ్ళలో ఎక్కువమందికి అలాంటిదేమీ లేదని తేలుతోంది. అప్పుడు డాక్టర్లు ఆ మాటను కేస్ షీట్ మీంచి కొట్టేస్తారు.